ఫ్రెంచి సిపాయి కోటుకు ఏ నీలం వేయాలి?

రంగులడబ్బా | శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. విదేశం నుంచి వస్తూ మా బావమరిది నాకొక ప్లాస్టిక్ బొమ్మల పెట్టె తెచ్చాడు. నెపోలియన్ కాలపు ఫ్రెంచి కాల్బలం, 1805 నుంచి 1812 వరకు అని పెట్టె మీద రాసి ఉంది. మొత్తం 36 మంది. ఒక్కొక్కడు 28 మిల్లీమీటర్లు. ఇంతకు ముందు ఓడలకు, విమానాలకు రంగులు వేశాను గానీ మనుషులకు వేయడం ఇదే మొదలు.

చిక్కంతా నీలం దగ్గర వచ్చింది. ఒక చిత్రంలో కోటు దాదాపు నల్లగా కనిపిస్తుంది, ఇంకోదాంట్లో నెమలికంఠంలా మెరుస్తుంది. మూడు నీలాలు కొని, ముగ్గురికి వేసి కిటికీలో నిలబెట్టాను. మా ఆవిడ చూసి, "ముగ్గురూ మూడు బడుల పిల్లల్లా ఉన్నారు" అంది. ఏది సరైనది? ఒక్క ముక్కలో చెప్పండి చాలు. రేపు ఆదివారం, కూర్చొని పూర్తి చేసేస్తాను.

కాకిలెక్క | రాత్రి 9:41

ఒక్క ముక్కలో అయితే: మూడూ.

రెండో ముక్క కావాలంటే, ముందు మీవాళ్ళు ఏ దళమో చూసుకోండి. ఫ్రెంచి సాధారణ పదాతి అయితే నీలం కోటు, రొమ్ము మీద తెల్ల పట్టీలు, వాటికి ఎర్ర అంచు, ఎర్ర కాలరు, రెజిమెంటు సంఖ్య చెక్కిన ఇత్తడి గుండీలు. తేలిక పదాతి అయితే రొమ్ము పట్టీ కూడా నీలమే, కింద కోసుగా ఉంటుంది, గుండీలు తెల్ల లోహం. ఏరి తీసిన బలిష్ఠులైన గ్రెనేడియర్లకు ఎర్ర భుజకీర్తులు, చురుకైన తేలిక సిపాయిలైన వోల్టిజర్లకు పసుపు కాలరు. మీ పెట్టెలో ఎవరెవరు ఉన్నారో లెక్కపెట్టి చెప్పండి. లెక్కపెట్టకుండా కుంచె ముట్టుకోకండి.

నీలిబాన | రాత్రి 10:26

నేను ఉన్ని బట్టల అద్దకంలో 31 ఏళ్ళు పనిచేసి మానుకున్నవాణ్ణి. సైన్యాల గురించి పెద్దగా తెలియదు. నీలిమందు గురించి తెలుసు. మీ ప్రశ్నకు జవాబు బానలో ఉంది.

నీలిమందు నీళ్ళలో కరగదు. పులియబెట్టో, మరో విధంగానో దాన్ని బానలో కరిగే రూపానికి తేవాలి. అప్పుడు ఆ నీళ్ళు నీలంగా ఉండవు, పసుపూ ఆకుపచ్చా కలిసినట్టు ఉంటాయి. ముంచి తీసిన బట్టా మొదట పచ్చగానే ఉంటుంది. గాలి తగిలాక, చూస్తుండగా అంచుల నుంచి నీలం పాకుతుంది. మొదటిసారి చూసిన రోజున నేను మధ్యాహ్నం భోజనం మాట మరిచిపోయాను.

ఒక్కసారి ముంచితే వచ్చేది లేత నీలం. ముదురు కావాలంటే మళ్ళీ ముంచాలి, ఆరబెట్టాలి, మళ్ళీ ముంచాలి. ప్రతి ముంపుకూ మందు ఖర్చు, కూలి ఖర్చు. అంటే ముదురు నీలమన్నది డబ్బు లెక్క. సర్కారుకు ఒక నమూనా ముక్క చూపించి, సరుకు పంపేటప్పుడు ఒక ముంపు మిగుల్చుకునే గుత్తేదారు ఏ కాలంలోనైనా ఉంటాడు. పైగా దళసరి ఉన్నిని నేసిన తరువాత అద్దితే రంగు నడి పోగుదాకా దిగదు. కొత్తలో నల్లనీలంగా ఉన్న కోటు, మోచేతుల దగ్గర, సంచి పట్టీ రాసుకునే భుజం దగ్గర ముందుగా తెల్లబారుతుంది. ఆ చోట్ల పొడికుంచెతో లేత నీలం తాకించండి. 36 మందికీ ఒకే డబ్బా వాడితే మాత్రం ఎవరూ నమ్మరు.

చాక్‌పీసు | రాత్రి 10:58

నీలిబాన గారి మాటకు చరిత్రలో మంచి సాక్ష్యం ఉంది. నెపోలియన్‌కు ఈ నీలిమందే దొరకక సైన్యానికి తెల్లకోట్లు తొడిగించబోయాడు! 1806లో బెర్లిన్ నుంచి ఆజ్ఞ వేసి ఆంగ్లేయుల సరుకు యూరప్‌లోకి రానివ్వనన్నాడు కదా. సరుకు ఆగింది, దాంతోపాటు నీలిమందూ ఆగింది. తన కోటుకు తానే కత్తెర వేసుకున్నట్టయింది. మా తొమ్మిదో తరగతి పిల్లలకు ఇది చెబితే ఆ పాఠం ఎన్నటికీ మరిచిపోరు.

కాకిలెక్క | రాత్రి 11:07

మాస్టారూ, పిల్లలు మరిచిపోవడమే మంచిది. తెల్లకోట్ల ఆజ్ఞ 1806 ఏప్రిల్‌ది. బెర్లిన్ ఆజ్ఞ అదే సంవత్సరం నవంబరు 21. ఏడు నెలల తరువాత పుట్టిన కారణం ఏడు నెలల ముందరి కార్యాన్ని ఎలా చేయించింది?

చాక్‌పీసు | రాత్రి 11:31

తప్పు ఒప్పుకుంటున్నాను. క్యాలెండరు గోడకే ఉంది, తల తిప్పి చూడలేదు.

అయినా అసలు మాట నిలుస్తుంది. 1803లో ఇంగ్లండుతో మళ్ళీ యుద్ధం మొదలైంది. 1805 అక్టోబరులో ట్రఫాల్గర్ ఓడల యుద్ధంతో సముద్రం పూర్తిగా వాళ్ళ చేతికి పోయింది. ఓడల మీద రావలసిన మందు రావడం బెర్లిన్ ఆజ్ఞ కన్నా ముందే కష్టమైంది. సరేనా కాకిలెక్క గారూ?

కాకిలెక్క | రాత్రి 11:34

సరే.

నీలిబాన | ఆదివారం, ఉదయం 6:15

పొద్దున్నే లేచి చూస్తే రాత్రంతా యుద్ధం జరిగినట్టుంది. నా వంతు చెబుతాను.

ఫ్రాన్సుకు అంతకు ముందు నీలిమందు పంపింది కరీబియన్ దీవుల్లోని వాళ్ళ వలస, సాన్ డొమింగ్. బానిసల చేత సాగు చేయించేవారు. 1791లో ఆ బానిసలు తిరగబడ్డారు, 1804లో హైతీ పేరుతో స్వతంత్రులయ్యారు. ఆ ఖాళీని నింపింది ఈస్టిండియా కంపెనీ కింద పెరిగిన బెంగాల్ నీలిమందు. కాబట్టి ఆంగ్లేయుడి మీదికి నడిచే ఫ్రెంచి సిపాయి, ఆంగ్లేయుడు అమ్మే రంగు కోసమే ఎదురుచూడాల్సి వచ్చింది. మన కడప ప్రాంతంలోనూ నీలి పండేది. తరువాతి కాలంలో లండన్ బజారులో మద్రాసు నీలిమందుకు 'కర్పా' అన్న పేరు స్థిరపడింది, అది కడప పేరు నలిగి అయినదే.

నెపోలియన్ ఊరుకోలేదు. టూలూజ్, ఆల్బి ప్రాంతాల్లో పూర్వం పాస్టెల్ అనే మొక్క పండించేవారు. దాని ఆకులోనూ ఉండేది అదే నీలం, కాకపోతే చాలా తక్కువ. బండెడు ఆకుకు గిద్దెడు రంగు. 1810 తరువాత ఆ సాగును మళ్ళీ లేపాలని చూశాడు. యుద్ధం పోయింది, సాగూ పోయింది.

రంగులడబ్బా | ఆదివారం, ఉదయం 9:50

నేను అడిగింది నీలం. ఇప్పుడు తెలుపు కూడా వేయాలా? ఆ తెల్లకోట్లు ఎవరైనా తొడుక్కున్నారా, ఆజ్ఞ కాగితం మీదే ఉండిపోయిందా?

కాకిలెక్క | ఆదివారం, ఉదయం 10:20

కొన్ని రెజిమెంట్లు తొడుక్కున్నాయి. 1807లో ఆజ్ఞ వెనక్కి పోయింది. ఫిబ్రవరిలో ఐలావ్ యుద్ధంలో, మంచులో తెల్లకోట్ల మీద నెత్తురు చూసి చక్రవర్తి మనసు విరిగిందని ఒక కథ తిరుగుతూ ఉంటుంది. కథ బాగుంది. నాకైతే మురికి, ఖర్చు, సైనికుల సణుగుడు చాలనిపిస్తుంది.

సణుగుడుకు కారణం ఉంది. విప్లవానికి ముందు రాజు పదాతి దళం తెల్లకోటులో ఉండేది. నీలం జాతీయ రక్షక దళానిది, విప్లవ వాలంటీర్లది. 1793లో పాత తెల్లకోట్లను, కొత్త నీలికోట్లను ఒకే దళాల్లో కలిపేశారు. నీలం అంటే విప్లవం అని అలవాటైన వాడికి మళ్ళీ తెల్లకోటు ఇస్తే, వాడు అద్దంలో చూసుకునేది రాజుగారి సిపాయిని. పైగా ఎదుటి ఆస్ట్రియావాడిదీ తెలుపే. అద్దకం అక్కర్లేని ఉన్ని, మరక పడితే సుద్ద రుద్దడమే, అందుకే వాళ్ళకది చవక.

పాత హవల్దారు | ఆదివారం, ఉదయం 11:05

సుద్ద మాట వచ్చింది కాబట్టి నోరు విప్పుతున్నాను. తెల్ల తోలు పట్టీలకు సుద్ద పూసేవారని చదివినప్పుడల్లా నా చేతులు నొప్పి పెడతాయి. మా రోజుల్లో పట్టీలకు పూత, ఇత్తడి బకిలుకు మెరుగు. పరేడుకు ముందు రాత్రి బారకులో పదిమంది బకిళ్ళు రుద్దుతూ కూర్చుంటే ఆ చప్పుడు మిడతల దండులా ఉండేది. సుద్ద తడిగా పూయాలి, సగం ఆరాక గుడ్డతో అదమాలి. ఎక్కువ పూస్తే పెచ్చులుగా లేచి కోటు మీద రాలుతుంది. అప్పుడు కోటు దులపాలి. దులిపితే ధూళి మళ్ళీ బకిలు మీద పడుతుంది.

ఇక ఆ కోట్లు అంత కొట్టొచ్చినట్టు ఎందుకు ఉండేవని చాలామంది నవ్వుతారు. నల్ల తుపాకిమందుతో పేల్చే తుపాకులు అవి. రెండు మూడు దఫాలు కాల్చేసరికి మైదానమంతా పొగ. తుపాకీ గురి నూరు గజాలు దాటితే దేవుడిదే భారం. మనుషుల్ని భుజం భుజం ఆనించి నిలబెట్టక తప్పదు. ఆ పొగలో సేనాపతికి కావలసింది దాక్కునే సిపాయి కాదు, మనవాడా కాదా అని తెలిసే సిపాయి.

థేమ్స్‌గట్టు | ఆదివారం, మధ్యాహ్నం 3:30

నేను ఉండేది లండన్‌లో. ఎరుపు గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను మాట్లాడతాను.

ఆంగ్ల సిపాయి ఎర్రకోటు, ఆంగ్ల అధికారి ఎర్రకోటు పక్కపక్కన పెడితే ఒకే ఎరుపు కాదు. సిపాయిది మాడర్ వేరు రంగు, మన మంజిష్ఠకు దాయాది. ఇటుకరాయి ఎరుపు వస్తుంది. అధికారిది మెక్సికో నుంచి వచ్చే కోచినీల్ పురుగుల రంగు. తగరపు ఉప్పుతో కలిపితే మందారం ఎరుపు. సార్జెంటుకు సిపాయి కన్నా మంచి బట్ట. నీలిబాన గారు చెప్పిన లెక్కే ఇక్కడా, కోటు రంగులోనే జీతం కనిపిస్తుంది. ఆ సిపాయి జీతం రోజుకు ఒక షిల్లింగు, అందులోంచే చొక్కాలకూ బూట్లకూ కోతలు.

కాలరు, చేతి మడతల రంగు రెజిమెంటును బట్టి మారుతుంది. పేరులో రాజరికం ఉంటే నీలం, మిగతావాళ్ళకు పసుపు, ఆకుపచ్చ, తోలురంగు, ఇలా. 50వ రెజిమెంటుకు నల్ల మడతలు. చెమట పట్టి ఆ మడతలతో మొహం తుడుచుకుంటే నలుపు మొహానికి అంటేది. దాంతో వాళ్ళకు 'మురికి అరవంద' అన్న పేరు పడింది. పోర్చుగల్, స్పెయిన్ యుద్ధాల్లో ఈ కోట్లు ఎండకూ వానకూ వెలిసి, దొరికిన ముతక గోధుమరంగు బట్టతో అతుకులు పడ్డాయి.

పోయిన ఏడాది పారిస్ వెళ్ళినప్పుడు ఇన్వాలిడ్ భవనంలోని సైనిక మ్యూజియంలో ఒక ఉక్కు కవచం చూశాను. ఫోవో అనే కారబినియే అశ్వికుడిది, వాటర్లూ నాటిది. కుడి రొమ్ము దగ్గర కొబ్బరికాయ పట్టేంత రంధ్రం. పక్కకు వెళ్ళి చూస్తే వీపు పలకలోంచి కూడా బయటికి పోయింది, అక్కడ రేకు బయటికి విచ్చుకుని ఉంది. ఫిరంగి గుండు. కవచం పైన ఇత్తడి రేకు తొడుగు ఇంకా మెరుస్తూనే ఉంది. పక్కనున్న పిల్లవాడు వాళ్ళ నాన్నను ఏదో అడిగాడు, ఆయన జవాబు చెప్పకుండా చేయి పట్టుకుని ముందుకు నడిచాడు.

మంచుబొట్టు | ఆదివారం, సాయంత్రం 5:02

కొత్త సభ్యుడిని. 1812లో రష్యా చలికి ఫ్రెంచి సైనికుల తగరపు గుండీలు పొడి పొడి అయిపోయి, కోట్లు ఊడిపోయి, అందుకే నెపోలియన్ ఓడిపోయాడని ఒక వీడియోలో చూశాను. బొమ్మలకు గుండీలు లేకుండా వేయాలేమో?

నీలిబాన | ఆదివారం, సాయంత్రం 5:40

బాబూ, ఆ కథ నేను కూడా పాతికేళ్ళు నమ్మాను. తగరానికి జబ్బు ఉన్నమాట నిజం. 13 డిగ్రీల కింద మెల్లగా బూడిదరంగు పొడిగా మారగలదు. కానీ మెల్లగా. శుద్ధమైన తగరానికే. సీసం లాంటివి కలిసిన గుండీ అంత తొందరగా లొంగదు.

అసలు కాకిలెక్క గారు మొదటి రోజే చెప్పారు కదా, సాధారణ పదాతి గుండీలు ఇత్తడివని. ఇత్తడికి ఆ జబ్బే లేదు.

కాకిలెక్క | ఆదివారం, సాయంత్రం 5:52

2001లో లిథువేనియాలోని విల్నియస్ ఊరి చివర కట్టడాల కోసం తవ్వుతుంటే పెద్ద సామూహిక సమాధి బయటపడింది. మాస్కో నుంచి వెనక్కి వస్తూ 1812 డిసెంబరులో చనిపోయిన సైనికులు, మూడు వేల మందికి పైగా. వాళ్ళు ఎవరో తేల్చడానికి పనికొచ్చినవి ఏమిటో తెలుసా? గుండీలు. రెజిమెంటు అంకెలు చదవగలిగినట్టే ఉన్నాయి. గుండీలు వేయండి.

స్టెతస్కోపు | ఆదివారం, రాత్రి 8:15

ఆ సమాధిలోనే ఇంకొకటి దొరికింది, పేలు. మా వృత్తి వాళ్ళకు ఆ తవ్వకం వైద్యశాస్త్రపు కథ. పేల నుంచి, చనిపోయినవాళ్ళ పళ్ళలోపలి గుజ్జు నుంచి తీసిన జన్యుపదార్థంలో పేల ద్వారా వ్యాపించే జ్వరాల క్రిములు దొరికాయని 2006లో ఒక బృందం ప్రకటించింది. 2025లో ఇంకో బృందం పారాటైఫాయిడ్, తిరగబెట్టే జ్వరం క్రిముల ఆనవాళ్ళు చూపింది.

ఒంటి పేను కాపురం ఉండేది ఒంటి మీద కాదు, బట్టల కుట్లలో. చలికి నెలల తరబడి విప్పని దళసరి ఉన్ని కోటు, లోపల అస్తరు, రొమ్ము మీద రెండు మడతలు. పేనుకు అంతకన్నా మంచి మిద్దె ఇల్లు ఉండదు. మీరంతా పైన కనిపించే రంగు గురించి మాట్లాడుతున్నారు, నాకు మాత్రం ఆ కుట్లే కనిపిస్తాయి.

రంగులడబ్బా | ఆదివారం, రాత్రి 9:30

డాక్టరు గారూ, భోజనం ముందు చదివాను.

పూర్తి చేస్తానన్న ఆదివారం అయిపోయింది. ఇప్పటికి ఆరుగురు.

చాక్‌పీసు | సోమవారం, సాయంత్రం 6:45

హవల్దారు గారు "మనవాడా కాదా తెలియాలి" అన్నారు. రంగులు అందుకేనన్నది నిజమే కానీ, ఆ పని అవి అన్నిసార్లూ చేయలేదు. 1809 జూలై 5 సాయంత్రం ఆస్ట్రియాతో వాగ్రాం దగ్గర జరిగిన యుద్ధంలో, ఫ్రెంచివారి పక్షాన పోరాడుతున్న సాక్సనీ సైనికులు ముందుకు పోయారు. సాక్సనీవాళ్ళదీ తెల్లకోటే. చీకటి పడుతోంది, పొగ. వెనకనుంచి వచ్చిన సొంత పక్షంవాళ్ళు ఆస్ట్రియన్లనుకొని వాళ్ళ మీద కాల్చారు.

1815లో వాటర్లూలో ప్రష్యావాళ్ళు చివర్లో సాయానికి వచ్చారు కదా, వస్తూనే పాపెలాట్ దగ్గర తమ మిత్రులైన నాసావ్ సైనికుల మీద కాల్పులు మొదలుపెట్టారు. వాళ్ళ వేషం ఫ్రెంచి తీరులో ఉండటమే కారణం. కొన్నాళ్ళ ముందువరకూ వాళ్ళు నెపోలియన్ వైపు ఉన్నవాళ్ళే మరి. పక్షం ఒక్క రాత్రిలో మారుతుంది, కోటు మారాలంటే దర్జీ కావాలి.

కాకిలెక్క | సోమవారం, రాత్రి 7:20

ఈసారి తేదీలు అన్నీ సరిగ్గా ఉన్నాయి. అభినందనలు.

ఇదే భయం ఆంగ్ల సేనాపతి వెల్లింగ్టన్‌కూ ఉండేది. లండన్‌లో కూర్చున్నవాళ్ళు ఫ్రెంచి ఫ్యాషన్ చూసి ముచ్చటపడి తేలిక అశ్వికులకు కొత్త కోటూ టోపీ నిర్ణయిస్తున్నారని తెలిసి, 1811 నవంబరులో ఉత్తరం రాశాడు. మేము శత్రువుకు ఎంత వేరుగా కనిపిస్తే అంత మంచిది, దూరం నుంచి మొదట కనిపించేది టోపీ ఆకారమే, వాళ్ళది పైన వెడల్పు, మాది పైన సన్నం, దాన్ని చెడగొట్టకండి అన్నది సారాంశం. లండన్ వినలేదు. 1812లో ఆ అశ్వికులకు ఫ్రెంచివాడు అనిపించే టోపీనే వచ్చింది. తమాషా ఏమిటంటే, ఈయన తన సిపాయిల ప్యాంట్ల రంగు సంగతే పట్టించుకునేవాడు కాదు. తుపాకీ బాగుండాలి, తూటాలు అరవై ఉండాలి.

గుర్రపుడెక్క | సోమవారం, రాత్రి 9:05

ఇన్ని మాటల్లో హుస్సార్లనే తేలిక అశ్వికుల ఊసే లేకపోవడం అన్యాయం. రొమ్మంతా జరీ తాళ్ళు అల్లిన బిగుతు కోటు, దాని మీద ఎడమ భుజానికి వేలాడే బొచ్చు కోటు. రెండో కోటు తొడుక్కునే వస్తువు కాదు, వేలాడదీసుకునే వస్తువు! హంగరీ గుర్రపువాళ్ళ వేషం అది. ఫ్రాన్సు, ప్రష్యా, రష్యా, ఇంగ్లండు, అందరూ ఎత్తుకొచ్చారు. మన సురభి నాటకాల రాజువేషానికి ఏమాత్రం తీసిపోదు, ఆ భుజకీర్తులూ తురాయిలూ చూస్తే అదే గుర్తొస్తుంది నాకు.

నాకు అందరికన్నా ఇష్టమైనది మాత్రం రష్యా పావ్‌లోవ్‌స్కీ గ్రెనేడియర్ల టోపీ. పొడవాటి ఇత్తడి పలక, పాత కాలపు ఆకారం. మిగతా సైన్యం దాన్ని వదిలేసింది. 1807లో ఫ్రీడ్‌లాండ్ యుద్ధంలో వీళ్ళు చూపిన తెగువకు మెచ్చి జారు అలెగ్జాండర్ ఆ టోపీలను వీళ్ళకే ఉంచాడు. గుండు తగిలి చిల్లులు పడ్డవాటిని బాగు చేయకుండా, ఎలా యుద్ధభూమి దాటి వచ్చాయో అలాగే ధరించమన్నాడు. తొడిగినవాడి పేరు పలక మీద చెక్కించారు. మెరుగు పెట్టిన ఇత్తడిలో చిల్లు మరీ నల్లగా కనిపిస్తుంది.

పాత హవల్దారు | మంగళవారం, ఉదయం 7:10

టోపీ మాట వచ్చింది. మీ నెపోలియన్ తెల్లకోట్ల ఆజ్ఞ వేసిన 1806లోనే మన దగ్గర ఒక టోపీ ఎంత పని చేసిందో చెప్పకుండా ఉండలేను.

మద్రాసు సైన్యంలో మన సిపాయిలకు ఎర్రకోటు, కింద పొట్టి నిక్కరు, తలకు తలపాగా. కోటును ఎవరూ కాదనలేదు. ఆ ఏడాది యూరప్ టోపీ తీరులో కొత్త తలపాగా తెచ్చారు, దానికి తోలు కుచ్చు. పరేడులో నుదుట బొట్టూ నామాలూ ఉండకూడదు, చెవిపోగులు తీయాలి, గడ్డం గొరగాలి అన్నారు. ఆ తోలు ఏ జంతువుదో అని హిందువులకూ ముసల్మానులకూ ఒకేసారి అనుమానం వచ్చింది. జూలై 10 తెల్లవారుజామున వేలూరు కోటలో సిపాయిలు తిరగబడ్డారు. ఆర్కాటు నుంచి ఆంగ్ల అధికారి గిల్లెస్పీ అశ్వికులతో వచ్చి అణచేసరికి ఇరువైపులా వందల ప్రాణాలు పోయాయి. హైదరాబాదులోని దళాల్లోనూ ఇదే తలపాగా మీద అలజడి రేగితే అక్కడి అధికారి తెలివిగా ఆజ్ఞను ఆపేశాడు. తరువాత గవర్నరు బెంటింక్‌ను, సేనాధిపతి క్రాడక్‌ను వెనక్కి పిలిపించారు.

టిప్పు కొడుకులు అదే కోటలో ఉండేవారు, వాళ్ళ ప్రోద్బలమనీ అంటారు. ఉండవచ్చు. కానీ సిపాయి రోజూ తల మీద మోసేది తలపాగానే.

నిర్వాహకుడు | మంగళవారం, ఉదయం 9:00

చర్చ బాగుంది. వేలూరు గురించి ఇంకా రాయదలచినవారు భారత చరిత్ర విభాగంలో కొత్త చర్చ మొదలుపెట్టండి. ఇక్కడ రంగులడబ్బా గారి నీలం ఇంకా తేలలేదు.

చాక్‌పీసు | మంగళవారం, సాయంత్రం 6:30

ఒక్క వాక్యం రాసి వెళ్ళిపోతాను. బెంగాలు నుంచి ఢిల్లీ దాకా కంపెనీ వేషం వేసుకున్న సిపాయిని, వాడు ఏ ఊరివాడైనా సరే, 'తిలంగా' అనేవారు. మొదటి సిపాయిలు తెలుగు సీమ నుంచి పోవడంతో పుట్టిన పేరు. ఎర్రకోటుకు మన పేరు అంటుకుంది.

మంచుబొట్టు | మంగళవారం, సాయంత్రం 7:15

మరి నెపోలియన్‌కు ఏ రంగు? పెట్టెలో ఆయన లేడు గానీ విడిగా కొందామనుకుంటున్నాను.

థేమ్స్‌గట్టు | మంగళవారం, రాత్రి 10:40

మామూలు రోజుల్లో, ఆయన సొంత రక్షక సైన్యమైన గార్డులోని షాసర్లనే తేలిక అశ్వికుల కర్నలు వేసే ఆకుపచ్చ కోటు. ఆదివారాలూ వేడుకలప్పుడూ గార్డు గ్రెనేడియర్ల నీలం కోటు. పైన బూడిదరంగు ఓవర్‌కోటు. చుట్టూ మార్షళ్ళు జరీతో బరువెక్కి నిలబడితే ఆయన మాత్రం ఇలా. టోపీ కొనలు మిగతావాళ్ళకు ముందుకూ వెనక్కూ ఉంటే ఆయనకు భుజాల వైపు. దుర్భిణి లేకున్నా ఎక్కడున్నాడో తెలిసిపోయేది. ఆ టోపీల్లో ఒకటి 2023 నవంబరులో ఫ్రాన్సులో వేలానికి వస్తే 19 లక్షల 32 వేల యూరోలు పలికింది. అందులో జరీ పోగు ఒక్కటీ లేదు.

కాకిలెక్క | బుధవారం, ఉదయం 8:05

రంగులడబ్బా గారూ, పని జరగాలంటే ఇలా చేయండి. 1812 అని వేయదలిస్తే, ఆ జనవరిలో పొట్టి కోటు నియమం వచ్చింది. నియమం కాగితం మీద జనవరిలో వచ్చినా, ఒంటి మీదికి చాలామందికి 1813లో గానీ రాలేదు. రష్యాకు నడిచినవాళ్ళలో ఎక్కువమంది పాత పొడుగు తోక కోటులోనే నడిచారు. కాబట్టి మీ బొమ్మలు సరైనవే. పావువంతు మందికి పైన పొడుగు ఓవర్‌కోటు వేయండి. బూడిద, గోధుమ, లేత గోధుమ, ఏ రెండూ ఒకటి కాకుండా. షాకోలనే ఎత్తు టోపీలకు మైనపు గుడ్డ తొడుగులు. ప్యాంట్లు ముతక నార, అందిన రంగు. టోపీ మీది బంతి కుచ్చు మాత్రం కంపెనీని (దళంలోని చిన్న విభాగాన్ని) బట్టి: 1812 నాటికి మొదటిదానికి ముదురు ఆకుపచ్చ, రెండోదానికి ఆకాశనీలం, మూడోదానికి నారింజ, నాలుగోదానికి ఊదా.

రంగులడబ్బా | మూడు వారాల తరువాత, ఆదివారం, సాయంత్రం 4:20

36 మందీ అయ్యారు. చివరికి నాలుగు నీలాలు వాడాను. మూడు కొన్నవి, నాలుగోది ఆ మూడూ మిగిలినవి కలిపినది, అదే అన్నిటికన్నా బాగా కుదిరింది. భుజాల మీద, మోచేతుల మీద నీలిబాన గారు చెప్పినట్టే లేతగా తాకించాను. ఇద్దరికి గోధుమరంగు అతుకులు వేశాను, అది ఆంగ్లేయుల సంగతని తెలుసు, అయినా మోకాళ్ళు చిరిగేది ఒక దేశానికేనా? మా ఆవిడ మళ్ళీ చూసింది. "ఇప్పుడు ఒకే బడి పిల్లలు, కాకపోతే సంవత్సరం చివర" అంది.

ఒక్క సందేహం మిగిలింది. పెట్టెలో ఒకడికి తల వెనక జడ ఉంది. ఉంచాలా, తీసేయాలా?

కాకిలెక్క | ఆదివారం, సాయంత్రం 4:26

ఏ సంవత్సరం అని వేశారు?

రంగులడబ్బా | ఆదివారం, సాయంత్రం 4:27

1812.

కాకిలెక్క | ఆదివారం, సాయంత్రం 4:29

1805 అయితే ఉంచమనేవాణ్ణి. 1812లో గార్డు గ్రెనేడియరు అయితే ఉంచమనేవాణ్ణి, ఆ ముసలివాళ్ళు జడ వదల్లేదు. సాధారణ పదాతివాడికి కత్తెర వేయండి.

రంగులడబ్బా | ఆదివారం, సాయంత్రం 4:51

వేశాను. చేయి జారింది. జడతోపాటు టోపీ మీది తురాయి కూడా తెగి ఎక్కడో పడింది. నేలంతా వెతుకుతున్నాను.

కాకిలెక్క | ఆదివారం, సాయంత్రం 4:55

వెతకకండి. నడకలో తురాయి తీసి మూటలో చుట్టి పెట్టుకునేవారు. ఇప్పటిదాకా మిగతా 35 మందే తప్పు.